లీటరుకు పధ్నాలుగు

సాత్తూరులో లక్ష్మణసామికి ఇంకో కాపురం ఉందని మాయక్కాళ్ అన్నదంట. అన్నదని బొమ్మక్క వచ్చి ఆయన పెళ్ళాం జానకియమ్మాళ్‌కి చెప్పింది. బొమ్మక్క ఏదీ తన మాటగా చెప్పే మనిషి కాదు. "నాకేం తెల్సు, ఆమె అన్నాది" అని ముందే చేతులు కడుక్కుని, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని చెప్తుంది. మాయక్కాళ్ మొగుడు పాలసామికి కోవిల్పట్టి బైపాసు మీద పెట్రోలు బంకులో పని. లక్ష్మణసామి శనివారం శనివారం తన పాత కారుకి మూతి దాకా పెట్రోలు పోయించుకునేది అక్కడే. "మొన్నటిదాకా పదిహేను లీటర్లు పోస్తే నిండే టాంకీ, ఆడి మాసం పుట్టినప్పట్నించీ ఇరవై అయిదు పడతా ఉండాది. పొయ్యేది అదే విరుదునగరు, వొచ్చేది అదే కోవిల్పట్టి. నడుమ ఇంగెక్కడో తిరగకుంటే అంత పెట్రోలు ఎట్లా కాలతాది?" అని పాలసామి ఇంట్లో అన్నాడంట. పోయి వచ్చే దారిలో ఉన్న ఊరు సాత్తూరు. కాబట్టి ఆ ఇంకో ఇల్లు అక్కడే అయ్యుండాలని మాయక్కాళ్ తేల్చేసింది. ఆ ఇంటికి నీలం రంగు తలుపు అని కూడా బొమ్మక్క చేర్చింది. అది మాయక్కాళ్ అన్నదో, రెండిళ్ళ నడుమ దారిలో తగులుకున్నదో ఎవరికీ తెలియదు.

జానకియమ్మాళ్ ఇదంతా మొగుడి ముందు ఇడ్లీలు పెట్టి, కారప్పొడిలో నువ్వులనూనె పోస్తూ చెప్పింది. ఏడవలేదు, అరవలేదు. కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పింది.

"నీలం తలుపు మాట నేను నమ్మలే. ఇంట్లో ఒక్కదానికి చెప్పుకోను సమాధానం లేదు మీకు, ఇంగో ఇల్లు యాడ సాకుతారు. కానీ పెట్రోలు మాట నిజమే గదా? అది యాడికి పోతాది?"

లక్ష్మణసామి ఇంకో ఇడ్లీ తుంచుకున్నాడు. ఈ నింద నుంచి బయటపడడానికి ఒకటే దారి ఉంది. బండి తాగుతోందని చెప్పాలి. ఆ ఒక్కమాటే ఆయన నోట రాదు.

ఎందుకు రాదంటే, ఆ బండి వాళ్ళ నాయన కొన్నది. అరవై నాలుగో ఏటి మోడలు. నల్లగా, ఉబ్బిన బుగ్గల్లాంటి బానెట్టుతో, లోపల మంచం మాదిరి సీట్లతో నిన్నటి మనిషిలా ఉంటుంది. లీటరుకు పధ్నాలుగు కిలోమీటర్లు ఇస్తుందని నాయన చెప్పేవాడు. నాయన పోయాక బండి చాలా ఏళ్ళు కొట్టంలో గుడ్డ కప్పుకుని ఉండి, పెళ్ళికో చెవులు కుట్టించే పండగకో మాత్రమే బయటికొచ్చేది. లక్ష్మణసామికి బతుకుదెరువు కడలమిఠాయి. వేరుశనగలు వేయించి, బెల్లం పాకం పట్టి, పలకలు కోసి, డబ్బాలకెత్తి సోమవారమూ గురువారమూ విరుదునగరు అంగళ్ళకు వేసి, తిరుగుదారిలో శనక్కాయల మూటలు తెచ్చుకుంటాడు. ఆ పనికి ఒక చిన్న లోడు వ్యాను ఉండేది. సంక్రాంతి వచ్చే తై నెలలో దాన్ని అమ్మేశాడు.

అమ్మొద్దని జానకి ఎంత చెప్పింది! "పెండ్లికొడుకు కూర్చునే సీటు మీద మిఠాయి డబ్బాలు ఎక్కిస్తారా? అది రోజూ తిరిగే బండేనా?" అనింది.

"లీటరుకు పధ్నాలుగు జానకీ! ఆ వ్యాను ఇచ్చింది కూడా అంతే. రెండు బండ్లకు రెండు ఖర్చులు ఏల? నాయన బండి గుడ్డ కింద కుళ్ళిపోవాల్నా?"

అన్నట్టే అయింది. తై పోయి, మాసి పోయి, ఆడికి ముందు నెల ఆని దాకా నాయన చెప్పిన లెక్క తప్పలేదు. వారంలో రెండుసార్లు విరుదునగరు, మిగతా రోజుల్లో మిఠాయి చేసే కొట్టానికీ ఇంటికీ తిరుగుళ్ళు, శనివారం బంకులో పదిహేనుతో నిండేది. లక్ష్మణసామి ఊరుకుంటాడా? ఏ పందిట్లో కూర్చున్నా, విస్తరి ముందు పడకముందే మొదలుపెట్టేవాడు. "ఇప్పటి బండ్లు రేకు డబ్బాలు. కంప్యూటర్లు పెట్టి ఏం లాభం? మా నాయన బండి, అరవై ఏళ్ళ ముసల్ది, లీటరుకు పధ్నాలుగు!" వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. ఎవరూ ఒక్క మాట ఎదురు చెప్పేవాళ్ళు కాదు. ఆ తలలూపడాన్ని ఆయన ఒప్పుకోలు అనుకున్నాడు.

ఆడి మాసం పుట్టింది, బండి ఎదురుతిరిగింది.

మొదటి వారం బంకు మీటరు తప్పనుకున్నాడు. రెండో వారం ఇంకో బంకుకు పోయి పోయించాడు. అక్కడా అంతే పట్టింది, పైగా "ఏమన్నా, మా బంకు మీద కోపమా?" అని పాలసామి అలిగాడు. అప్పుడు విరుదునగరులో పాండియరాజన్ దగ్గరికి తీసుకుపోయాడు. పాత బండ్లకు పేరున్న మెకానిక్కు. కార్బొరేటరు విప్పి, కడిగి, ఊది, బిగించాడు. ప్లగ్గులు మార్చాడు. చక్రాల్లో గాలి చూశాడు. వారం పోయాక అదే ఇరవై అయిదు.

"ఇప్పటి పెట్రోల్లో చెరుకు సారాయి కలిపి ఇస్తా ఉండారన్నా," అన్నాడు పాండియరాజన్ చేతులు తుడుచుకుంటూ. "పాత ఇంజన్లకు అది ఒంటదు."

"ఆనిలో కలపలేదా? ఆడిలోనే కలిపినారా?"

"అది నన్నడిగితే?"

"ఇంగెవుర్ని అడిగేది? నువ్వే గదా విప్పింది!"

"విప్పింది నేనే, తోలేది నువ్వు గదన్నా. కాలు మెత్తగా ఆనించు."

కాలు మెత్తగా ఆనించాడు. నలభై దాటకుండా తోలితే వెనకాల లారీలు చెవులు పగిలేట్టు హారన్లు కొట్టాయి. ఒక బస్సు డ్రైవరు పక్కకొచ్చి, తల బయటికి పెట్టి, "అయ్యా, తోస్తారా దిగి?" అని అడిగి మరీ పోయాడు. స్టెప్నీ చక్రం తీసి ఇంట్లో పెట్టాడు, బరువు తగ్గుతుందని. ఆ వారమే పంచరయింది. నడి ఎండలో మిఠాయి డబ్బాల నడుమ కూర్చుంటే బెల్లం కరిగి పలకలన్నీ ముద్దకట్టాయి. అంగడివాళ్ళు సగం వెనక్కి పంపారు. సాత్తూరు వంతెన దిగేటప్పుడు ఇంజను ఆపేసి జారనిచ్చాడు. కింద బ్రేకు పట్టక ఒక మేకల మంద చెల్లాచెదరయింది, మేకలాయన ఇంటిపేరు దాకా తిట్టాడు. ఇంత చేసినా మిగిలింది పావు లీటరు కూడా లేదు.

చివరికి దొంగలున్నారనుకున్నాడు. టాంకీ మూతకి తాళం వేయించాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇరవై అయిదు.

ఇక్కడి దాకా వచ్చాకే బొమ్మక్క ఆ నీలం తలుపు కబురు మోసుకొచ్చింది.

"సరే, గురువారం నువ్వే రా నాతో," అన్నాడు లక్ష్మణసామి చెయ్యి కడుక్కుంటూ. "నీ కండ్లతో చూద్దువు."

"వొస్తా. ఆ తలుపు కూడా చూసినట్టుంటాది."

గురువారం ఇద్దరూ బయలుదేరారు. విరుదునగరులో డబ్బాలు దించాక, పాండియరాజన్ ఒక పని చేశాడు. టాంకీ గొట్టం ఊడదీసి, బానెట్టు లోపల ఒక సీసా తగిలించి, దాంట్లో సరిగ్గా లీటరు పెట్రోలు పోసి, ఆ సీసా నుంచి ఇంజనుకు గొట్టం ఇచ్చాడు. "ఇది అయిపోయేదాకా తోలండి. యాడ ఆగితే అదే మీ మైలేజి. ఇంగ బంకు మీదా దొంగల మీదా చెప్పేపని లేదు. ఆగినాక పాత గొట్టం తగిలించుకుని ఇంటికి పోండి." బండిలో కిలోమీటర్ల ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది కనుక జానకి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాలి.

ఊరు దాటగానే మొదటి రాయి నుంచి ఆమె లెక్క మొదలుపెట్టింది. లక్ష్మణసామి స్టీరింగును పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గేరు మార్చితే ఎక్కడ చుక్క కారుతుందో అన్నట్టు మారుస్తున్నాడు. నాలుగో రాయి దగ్గర కిటికీలు ఎత్తమన్నాడు, గాలి ఎదురొస్తోందని. లోపల ఉక్కకు జానకి కొంగుతో విసురుకుంది.

"ఆరు," అనింది. కొంచెం దూరం పోయాక "ఏడు" అనింది.

ఎనిమిదో రాయి దాటి బండి ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ముందుకి నాలుగు గజాలు జరిగి రోడ్డు పక్క తుమ్మచెట్ల కాడ ఆగిపోయింది.

చుట్టూ నల్లరేగడి, ఎండకు బీటలు వారి ఉంది. కాకి కూడా అరవడం లేదు. లక్ష్మణసామి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

"ఎనిమిది," అనింది జానకి. కిటికీ దించుకుని, "అయితే నీలం తలుపు లేదు," అనింది.

"లేదని చెప్తూనే ఉండా గదే!"

"సంతోషం. మరి ఆని దాకా పధ్నాలుగు ఎట్లా ఇచ్చింది?"

ఆడి నెల అంతా ఆయన్ని నిద్రపోనివ్వనిది ఆ ప్రశ్నే. బండి ముసలిదై చెడిపోయిందంటే ఒప్పుకోవచ్చు, ముసలితనం ఒక్క నెలలో రాదు. ఇంజను అరిగిపోతే పొగ రావాలి, పొగ లేదు. పెళ్ళాం ముందు ఇప్పుడు దొంగ కాదని తేలాడు. కానీ వ్యాను అమ్మించిన మాట అబద్ధమని తేలిపోయింది. ఈ రెండింట్లో ఏది ఎక్కువ కాలుతోందో ఆయనకే తెలియదు.

"మదురైలో ఒకాయన విఘ్నేశ్వరన్ అని, పాత కార్లు కొని దాచుకుంటాడంట, మీరే గదా చెప్పింది," అనింది జానకి, బండి దిగి తుమ్మ నీడలో నిలబడి. "రమ్మనండి. అమ్మేసి ఒక వ్యాను తెచ్చుకుందాం. మిఠాయి కరిగిపోయి, అంగళ్ళు పోయి, కొట్టంలో పనోళ్ళు చేతులు ముడుచుకుని ఉండారు. మనది బండ్లు సాకే ఇల్లా, మిఠాయి చేసే ఇల్లా?"

"నాయన బండి జానకీ."

"మావ బండే. మావ దీంట్లో మిఠాయి మోయలేదు గదా."

"ఈ ఆడి పోయి ఆవణి రానీ. ఏం రోగమో కనిపెడతా. కనిపెట్టి పధ్నాలుగు తేలేకపోతే అప్పుడు పిలుస్తా ఆయన్ని."

"మాట గదా?"

"మాటే."

ఆవణి వచ్చింది. రోగం దొరకలేదు. ఆవణి మొదటి ముహూర్తానికే మణికంఠన్ పెళ్ళి. వీడు లక్ష్మణసామి మేనత్త పట్టమ్మాళ్ మనవడు, పొన్నయ్య కొడుకు. ఆడి శూన్యమాసం కనుక నెల అంతా పెళ్ళిళ్ళు లేక ఎవరూ అడగని బండిని పొన్నయ్య ముందురోజే వచ్చి అడిగాడు. "బావా, పెద్ద బండి కావాల. పెండ్లికొడుకు ఒట్టపిడారం దాకా పోయి అమ్మాయిని తీసుకుని రావాల గదా." మామూలుగా అయితే లక్ష్మణసామి తాళంచెవి ఇచ్చి, "లీటరుకు పధ్నాలుగు, భయపడొద్దు" అని నవ్వి పంపేవాడు. బంధువుల దగ్గర బండికి డబ్బు పుచ్చుకునే అలవాటు నాయన కాలం నుంచే ఆ ఇంట్లో లేదు. బండి తిరిగొస్తే తాళంచెవి మేకుకు తగిలించడమే గాని, చుట్టూ తిరిగి చూసుకోవడం కూడా లేదు. ఈసారి మాత్రం నవ్వు రాలేదు. బండి తాళంచెవి ఇచ్చాడు, టాంకీ తాళంచెవి మొలతాడుకే ఉండిపోయింది.

పెళ్ళయింది, భోజనాలయ్యాయి. బండి ఒట్టపిడారం పోయి వచ్చి, పూలదండలు వాడిపోయి, పొన్నయ్య ఇంటి వెనకాల గడ్డివాము పక్కన నిలబడింది. లక్ష్మణసామి వక్క నములుతూ దాన్ని ఒకసారి చూసుకుందామని ఇంటి వెనక్కి పోయాడు. మాట ప్రకారం పిలిస్తే విఘ్నేశ్వరన్ మర్నాడు వస్తానని ఫోన్ చేసి ఉన్నాడు. చివరిసారి చేత్తో నిమిరి వద్దామనుకున్నాడు.

చూస్తే బండి వెనకాల ఒక మనిషి వంగి, టాంకీ మూతను పట్టుకుని మెలిపెడుతున్నాడు.

లక్ష్మణసామికి ఒళ్ళు మండింది. నెలరోజుల కోపమంతా ఒక్కసారి చేతుల్లోకి దిగింది. పరుగెత్తిపోయి వాడి మెడపట్టి లాగాడు. "దొరికినావా దొంగనా..."

తిరిగింది పొన్నయ్య. పట్టుపంచెకు బండి దుమ్మంతా అంటి ఉంది.

"పొన్నయ్యా! నువ్వా? నువ్వారా నా పెట్రోలు తాగింది?"

"బావా, మెడ వొదులు! తాగేదేంది, దీనికి తాళం ఏల వేసినావు? పోసేది ఎట్లా?"

అప్పుడు చూశాడు లక్ష్మణసామి. పొన్నయ్య ఒక చేతిలో వంటింటి గరాటు, కాళ్ళ దగ్గర ఐదు లీటర్ల క్యాను. క్యాను నిండుగా ఉంది.

"పోసేదా?"

"ఆమా, పోసేదే. పోయకుండా ఎట్లా తిరిగిస్తాం?" పొన్నయ్య మెడ రుద్దుకున్నాడు. "ఎవురింటి గిన్నెన్నా తెచ్చుకుంటే ఒట్టిది తిరిగిస్తామా? పిడికెడు బియ్యమో, బెల్లం ముక్కో వేసే గదా ఇస్తాం. నువ్వు డబ్బులిస్తే తీసుకోవు, మొకాన కొట్టినట్టు మాట్లాడతావు. అందుకని అందరం తిరిగినంతా పోయించి, దాని మీద నీకు తెలీకుండా ఇంగో క్యాను పోసి తెచ్చి నిలబెడతాం. నీ ముందు పోస్తే నువ్వు ఒప్పుతావా?"

"అందరం అంటే?"

"అందరమే. తై నుంచి ఎన్ని పెండ్లిళ్ళు జరిగినాయి! కమలమ్మాళ్ ఇంటి పెండ్లికి రెండు క్యాన్లు పోసినారు, బండి తిరుచ్చులి దాకా పోయిందని. జోతి కూతురి చెవులు కుట్టినప్పుడు..."

లక్ష్మణసామి బానెట్టు మీద కూర్చుండిపోయాడు. వారానికి రెండు క్యాన్లంటే పది లీటర్లు. ఆడిలో పెళ్ళిళ్ళు లేవు. పెళ్ళి లేకుంటే బండి అడిగేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేకుంటే పోసేవాళ్ళు లేరు. కార్బొరేటరు కడిగించాడు, స్టెప్నీ దించాడు, మేకల మందలో దూరాడు, నిందపడ్డాడు. బండి తైలో ఇచ్చిందీ ఎనిమిదే, ఆడిలో ఇచ్చిందీ ఎనిమిదే. నాయన కాలంలో కూడా ఎనిమిదే అయ్యుంటుంది. నాయన కూడా బంధువులకు ఊరికే ఇచ్చేవాడు గదా.

మొదట ఆయనకు ఊపిరి తేలికయింది. రోగం దొరికింది! లేచి గబగబా పందిట్లోకి బయలుదేరాడు. రెండడుగులు వేశాడో లేదో ఇంకో సంగతి తట్టింది. ఆయన ఇదే పందిళ్ళలో, ఇవే విస్తళ్ళ ముందు, ఈ మనుషుల ముందే కూర్చుని లీటరుకు పధ్నాలుగు అని నోరు పారేసుకున్నాడు. క్యాను పోసిన చేతులతోనే వాళ్ళు అన్నం కలుపుకుంటూ తలలూపారు.

పందిట్లో ఇంకా ఇరవై ముప్ఫై మంది ఉన్నారు. పట్టమ్మాళ్ మంచం మీద కూర్చుని ఆకు మడుస్తోంది. పక్కన జానకి తాంబూలం సంచులు సర్దుతోంది. వెనకాలే పొన్నయ్య క్యాను పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏమత్తా," అన్నాడు లక్ష్మణసామి. "మీరంతా క్యాన్లు క్యాన్లు పోస్తా ఉండి, ఒక్కరన్నా ఒక్కమాట చెప్పకూడదా? నేను ఆడి నెలంతా పిచ్చోడి మాదిరి మెకానిక్కు చుట్టూ తిరిగినా. మిఠాయి కరిగిపాయె. నా సంసారానికి పేరు పెట్టినారు!"

ఎవరో మూలన నవ్వు ఆపుకోలేక దగ్గారు. కమలమ్మాళ్ తలదించుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెప్తే నువ్వు బాధపడతావని..." అని పొన్నయ్య మొదలుపెట్టాడు.

"బాధ కాదు!" లక్ష్మణసామి చెయ్యెత్తాడు. సంగతి మొత్తం జానకికి వినిపించేట్టు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆయనకొక కొత్త దారి కనిపించింది. అవమానం అనుకున్నది నిజానికి ఎంత గొప్ప సంగతి! గొంతు మెల్లగా లేచింది. "ఇనింటివా జానకీ? బండిలో రోగం లేదు. ఇన్నాళ్ళూ దీన్ని నేనొక్కణ్ణే తోలలేదు, చుట్టాలంతా కలిసి సాకినారు. మా నాయన బండి మీద వీళ్ళకు ఎంత మర్యాద లేకుంటే దొంగచాటుగా పెట్రోలు పోస్తారు? ఇట్లాంటి బండిని తీసుకుపోయి మదురైవాడి షెడ్డులో పెట్టేదా? రేపు ఆయన్ని రావద్దని చెప్తా. వ్యాను సంగతి తర్వాత చూద్దాం. ఈ బండి లేకుంటే మన ఇండ్లలో పెండ్లికొడుకు ఊరేగింపు ఎట్లా జరుగుతాది? నువ్వే చెప్పత్తా!"

జానకి సంచులు సర్దడం ఆపి, పట్టమ్మాళ్ వైపు చూసింది. పందిట్లో వాళ్ళంతా అటే చూశారు. పట్టమ్మాళ్ ఆకుకి సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి, దవడన పెట్టుకుని, తీరిగ్గా ఒకసారి నమిలింది.

"మర్యాద ఏందిరా," అనింది. "బాడుగ కారు వాడయితే పెట్రోలు గాక ఇంగో ఇంత అడుగుతాడు. నువ్వు అడగవు. అందుకే నీది తెస్తా ఉండాం. నువ్వు అమ్ముకుంటే ఇంగో కారు చూసుకుంటాం."